బొమ్మల డిసెంబరు, ఫీజుల మార్చి

అమెరికాలో మేము ఉంటున్న కౌంటీలో ఫాస్టర్ కేర్‌లో, అంటే కన్నవారికి దూరంగా ప్రభుత్వం ఏర్పాటు చేసిన తాత్కాలిక సంరక్షణలో, పెరుగుతున్న పిల్లల కోసం కొన్ని కుటుంబాల వాళ్లం కలిసి విరాళాలు సేకరించడం మొదలుపెట్టి ఆరేళ్లయింది. మొదటి ఏడాది డిసెంబరులో మా గ్యారేజీ బొమ్మలతో నిండిపోయింది. సీలు తీయని ఆట వస్తువులు, రంగు కాగితాలు చుట్టిన పొట్లాలు, చిన్నపిల్లల దుప్పట్లు ఒకదాని మీద ఒకటి పేర్చేసరికి కారును నెలరోజులు బయటే ఉంచవలసి వచ్చింది. వాటిని తీసుకువెళ్లడానికి వచ్చిన సమన్వయకర్త అన్నింటినీ ఓపికగా లెక్క రాసుకుని, మాకు మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు చెప్పి, బయలుదేరే ముందు ఒక్క మాట అడిగారు: "పదిహేనేళ్లు దాటినవాళ్లకు ఏమైనా ఉన్నాయా?" లేవు. అంత పెద్ద కుప్పలో పన్నెండేళ్లు దాటిన పిల్లలకు పనికివచ్చే వస్తువు ఒక్కటి కూడా లేదు. మూడు నెలల తర్వాత, మార్చిలో, ఆమే ఫోన్ చేశారు. ఒక విద్యార్థికి కాలేజీ వసతి గృహంలో గది ఖాయం కావాలంటే శుక్రవారంలోగా రెండు వందల డాలర్ల డిపాజిట్ కట్టాలి, మీ నిధి నుంచి ఇవ్వగలరా అని అడిగారు. అప్పటికి మా దగ్గర నిధి అంటూ ఏమీ లేదు. వచ్చినదంతా డిసెంబరులోనే బొమ్మల రూపంలో వెళ్లిపోయింది. ఆ డబ్బు మాలో ఒకరు సొంతంగా కట్టారు కాబట్టి ఆ గది దక్కింది గాని, ఇవ్వాలని మాకు అనిపించే కాలానికీ వాళ్లకు అవసరం పడే కాలానికీ మధ్య ఎంత దూరం ఉందో ఆ వారమే మాకు అర్థమైంది. ఈ ఆరేళ్లలో మేము చేసిన పనిలో చాలా భాగం ఆ దూరాన్ని తగ్గించే ప్రయత్నమే.

తెలుగువారితో ఈ విషయం మాట్లాడినప్పుడల్లా ముందుగా ఒక పదాన్ని సరిచేయవలసి వస్తుంది. ఫాస్టర్ కేర్ అనగానే మనవాళ్లు "అనాథ పిల్లలా?" అని అడుగుతారు. కాదు. వీరిలో చాలామందికి తల్లో తండ్రో, తరచుగా ఇద్దరూ, బతికే ఉంటారు. ఇంట్లో పిల్లలు హింసకో నిర్లక్ష్యానికో గురవుతున్నారని తేలినప్పుడు, లేదా మత్తుపదార్థాల వ్యసనం వల్లనో జైలుశిక్ష వల్లనో పెద్దవాళ్లు చూసుకోలేని స్థితిలో ఉన్నప్పుడు, రాష్ట్ర శిశు సంక్షేమ విభాగం కోర్టు పర్యవేక్షణలో ఆ పిల్లలను బంధువుల ఇంటికో, లైసెన్సు పొందిన ఫాస్టర్ కుటుంబానికో, గ్రూప్ హోముకో అప్పగిస్తుంది. నమోదయ్యే కారణాల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది నిర్లక్ష్యం, దాని వెనుక చాలాసార్లు పేదరికమూ సరైన ఇల్లు లేకపోవడమూ ఉంటాయి. ఇది దత్తత కాదు, తాత్కాలిక సంరక్షణ. పిల్లలను తిరిగి కన్నవారి దగ్గరికి చేర్చడమే చాలా కేసుల్లో కోర్టు ముందుగా పెట్టుకునే లక్ష్యం. అందువల్ల విరాళాల కోసం మేము పంపే ఏ కాగితంలోనూ 'అనాథ' అన్న పదం రాయము. వారానికొకసారి ఒక గంటసేపు తల్లిని కలిసి వచ్చే అమ్మాయిని ఆ మాటతో పిలిస్తే ఆమెనే కాదు, బిడ్డను తిరిగి తెచ్చుకోవాలని కోర్టు చెప్పిన ప్రతి తరగతికీ హాజరవుతున్న ఆ తల్లిని కూడా అవమానించినట్లవుతుంది.

ఇటీవలి సంవత్సరాల లెక్కల ప్రకారం దేశం మొత్తం మీద ఏ రోజున చూసినా సుమారు 3,50,000 మంది పిల్లలు ఫాస్టర్ కేర్‌లో ఉంటున్నారు. వారిలో కొందరు ఇంటికి తిరిగి వెళతారు, కొందరు బంధువుల దగ్గర స్థిరపడతారు, కొందరు దత్తత వెళతారు. ఈ మూడింటిలో ఏదీ జరగకుండా, వయసు నిండిందన్న ఒక్క కారణంతో వ్యవస్థ నుంచి బయటికి వచ్చేవారు ఏటా 15,000 నుంచి 20,000 వరకు ఉంటారు. దీన్ని ఇక్కడ 'ఏజింగ్ అవుట్' అంటారు. మా పని అంతా వీరి చుట్టూనే తిరుగుతుంది. చిన్నపిల్లల మీద మాకు ప్రేమ తక్కువై కాదు. ఐదేళ్ల పిల్ల ఫోటో చూస్తే ఎవరి చెయ్యి అయినా దానంతట అదే జేబులోకి వెళుతుంది. పదిహేడేళ్ల అబ్బాయి విషయంలో అలా జరగదు కనుక, ఎవరైనా పనిగట్టుకుని అడిగితేనే అతనికి సహాయం అందుతుంది.

ప్రభుత్వం వీరికి ఏమీ చేయడం లేదనుకుంటే పొరపాటు. 1999లో వచ్చిన ఫాస్టర్ కేర్ ఇండిపెండెన్స్ చట్టం ఏర్పరచిన కార్యక్రమానికి, అదే ఏడాది మరణించిన రోడ్ ఐలండ్ సెనేటర్ జాన్ చేఫీ పేరు పెట్టారు. స్వతంత్ర జీవనానికి సిద్ధం చేసే కార్యక్రమాల కోసం ఫెడరల్ ప్రభుత్వం ఏటా కేటాయించే మొత్తాన్ని ఆ చట్టం 7 కోట్ల డాలర్ల నుంచి 14 కోట్ల డాలర్లకు పెంచింది. తర్వాత దానికి చదువు, వృత్తి శిక్షణల కోసం ఏడాదికి 5,000 డాలర్ల వరకు ఇచ్చే వోచర్లు తోడయ్యాయి, 2018లో వాటికి వయోపరిమితిని 26 ఏళ్లకు పెంచారు. 2008 నాటి చట్టం వల్ల రాష్ట్రాలు కోరుకుంటే ఫెడరల్ సహాయంతో ఫాస్టర్ కేర్‌ను 21 ఏళ్ల వరకు పొడిగించవచ్చు. అయితే ఆ యువత చదువుకుంటూనో, శిక్షణ పొందుతూనో, నెలకు కనీసం 80 గంటలు పనిచేస్తూనో ఉండాలి, ఆరోగ్యం బాగాలేనివారికి మినహాయింపు ఉంది. 18 ఏళ్లు నిండేనాటికి ఫాస్టర్ కేర్‌లో ఉన్నవారికి 26 ఏళ్లు వచ్చేవరకు మెడికెయిడ్ వైద్య బీమా కొనసాగించాలన్న నిబంధన 2014 నుంచి అమలులోకి వచ్చింది.

ఫాస్టర్ కేర్‌ను 21 ఏళ్ల వరకు పొడిగించడం ఎందుకు ముఖ్యమో చూపించిన అధ్యయనం ఒకటి ఉంది. షికాగో విశ్వవిద్యాలయంలోని చాపిన్ హాల్ పరిశోధకులు 2002లో మొదలుపెట్టి ఇలినాయి, విస్కాన్సిన్, అయోవా రాష్ట్రాల్లో 700 మందికి పైగా ఫాస్టర్ యువతను 17 ఏళ్ల వయసు నుంచి 26 వరకు మళ్లీ మళ్లీ కలుసుకుని మాట్లాడారు. ఇలినాయిలో అప్పటికే 21 వరకు ఫాస్టర్ కేర్‌లో ఉండే వీలుంది, మిగిలిన రెండు రాష్ట్రాల్లో సాధారణంగా 18కే ముగిసేది. ఉండే వీలున్న చోట కాలేజీలో చేరినవారి వాటా స్పష్టంగా ఎక్కువగా కనిపించింది. పొడిగింపు కోరినవారు తమ వాదనకు ఈ ఫలితాలనే ఆధారంగా చూపించారు. నేను దీన్ని ప్రతి కొత్త దాతకూ చెబుతాను, ఎందుకంటే "పద్దెనిమిది నిండాక ఎవరి కాళ్ల మీద వాళ్లు నిలబడాలి కదా" అనే మాట ఎదురవని సమావేశం లేదు. అలా అనే మనం మన పిల్లలకు ఇరవై రెండేళ్లు వచ్చినా కారు బీమా కడతాం, అద్దె ఒప్పందం మీద పూచీ సంతకం పెడతాం, ఫోన్ బిల్లు మన ఖాతాలోనే ఉంచుతాం. అది తప్పని నేను అనడం లేదు. పద్దెనిమిదేళ్లకు ఎవరూ ఒంటరిగా నిలబడరని, అలా నిలబడినట్లు కనిపించేవాళ్ల వెనుక ఎవరో ఒకరు ఉంటారని మాత్రమే అంటున్నాను.

చట్టాలు ఇన్ని ఉండగా మళ్లీ ఇరుగుపొరుగు చందాలు ఎందుకు అని అడిగేవారికి మా లెడ్జరే సమాధానం. ప్రభుత్వ సహాయం వస్తుంది, కాని దరఖాస్తు, ఆమోదం, విడుదల అనే మెట్లు దాటి వస్తుంది. జీవితంలో గడువులు అలా ఆగవు. నర్సింగ్ సహాయకురాలి శిక్షణ పూర్తి చేసిన అమ్మాయికి లైసెన్సు పరీక్ష ఫీజు సోమవారానికి కావాలి. గిడ్డంగిలో ఉద్యోగం దొరికిన అబ్బాయికి స్టీల్ టో బూట్లు (వేళ్లకు రక్షణగా ఉక్కు తొడుగు ఉన్నవి) లేకపోతే మొదటి రోజే వెనక్కి పంపేస్తారు. మొదటి జీతం రావడానికి రెండు వారాలు పడుతుంది, ఆ రెండు వారాలూ పనికి వెళ్లి రావడానికి బస్సు పాసు ఉండాలి. కంటి అద్దాలు పగిలితే బీమా కొత్తవి మంజూరు చేసేదాకా తరగతిలో బోర్డు కనిపించదు. ఇవన్నీ చిన్న మొత్తాలే. మా నిధి నుంచి ఇప్పటివరకు వెళ్లిన చెల్లింపుల్లో చాలావరకు మూడు వందల డాలర్ల లోపువే. కాని ఆ చిన్న మొత్తం ఆ రోజున చేతిలో లేకపోతే ఉద్యోగం పోతుంది, ఉద్యోగం పోతే నెలకు 80 గంటల నిబంధన తప్పుతుంది, అది తప్పితే తలదాచుకున్న చోటే ప్రమాదంలో పడుతుంది. ఇంట్లోవాళ్లు ఉంటే ఒక ఫోన్ కాల్‌తో తేలిపోయే విషయం వీళ్ల దగ్గర ఇలా పెరుగుతూ పోతుంది.

అందుకే రెండో ఏడాది నుంచి మేము విరాళాలు సేకరించే పద్ధతినే మార్చుకున్నాం. ఏడాదికొకసారి పెద్ద విందు పెట్టి ఒకేసారి మొత్తం రాబట్టడం కంటే, ఒక్కొక్క కుటుంబం నెలకు ఇరవయ్యో ముప్పయ్యో డాలర్లు క్రమం తప్పకుండా ఇవ్వడం మేలని నిర్ణయించాం. ఈ విషయంలో అందరికీ ఏకాభిప్రాయం లేదు. విందు పెడితే పదిమందీ కలుస్తారు, ఉత్సాహం వస్తుంది, చెక్కు మీద అంకె పెద్దదిగా ఉంటుంది. నెలసరి చందాలో ఆ ఉత్సాహం ఉండదు, బ్యాంకు ఖాతాలో ఒక గీత మాత్రమే ఉంటుంది. కాని విందు ఖర్చులు పోగా మిగిలినదీ పన్నెండు నెలల చందా మొత్తమూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు రెండోదే ఎక్కువని తేలింది, పైగా అది మార్చిలో కూడా ఉంది. ఆ తర్వాత వాదన ఆగిపోయింది.

మేము సొంతంగా సంస్థను నమోదు చేసుకోలేదు. 501(సి)(3) హోదా, అంటే విరాళాలకు పన్ను మినహాయింపు ఇప్పించే స్వచ్ఛంద సంస్థ గుర్తింపు, ఉన్న ఒక స్థానిక సంస్థ మా నిధిని తన కింద ప్రత్యేక ఖాతాగా ఉంచుకోవడానికి ఒప్పుకుంది, లెక్కలు వారి ఆడిట్‌లోనే కలుస్తాయి. ఈ ఏర్పాటు వల్ల మాకు మూడు మేళ్లు జరిగాయని చెప్పగలను. దాతలకు సరైన రసీదు అందుతుంది, ఒకేసారి 250 డాలర్లు గాని అంతకు మించి గాని ఇచ్చినవారు పన్ను మినహాయింపు కోరాలంటే సంస్థ నుంచి లిఖితపూర్వక రసీదు తప్పనిసరి. రెండవది, మనవారిలో చాలామంది పనిచేసే కంపెనీలు ఉద్యోగి ఇచ్చినంతే తామూ ఇస్తాయి, కొన్ని కంపెనీలు స్వచ్ఛందంగా పనిచేసిన గంటలకు కూడా లెక్కకట్టి సంస్థకు డబ్బు పంపుతాయి. ఆ ఫారం నింపడానికి ఐదు నిమిషాలు చాలు, అయినా ఎంతోమంది నింపరు. మా బృందంలో ఒక అక్క గత రెండేళ్లుగా చేస్తున్న పని ఇదొక్కటే: ప్రతి దాతకూ ఫోన్ చేసి, ఫోన్‌లో ఉండగానే ఆ ఫారం నింపించడం. ఆమె వల్ల వచ్చిన డబ్బు మా విందులన్నింటి వల్ల వచ్చినదానికంటే ఎక్కువ. మూడవది, మాకు తెలియని ఒక నియమాన్ని ఆ సంస్థవారే నేర్పారు. "నా డబ్బు ఫలానా అబ్బాయికే ఇవ్వండి" అని షరతు పెట్టి ఇచ్చిన విరాళానికి పన్ను మినహాయింపు వర్తించదు, ఎవరికి ఎంత ఇవ్వాలో నిర్ణయించే అధికారం సంస్థ చేతిలోనే ఉండాలి. మొదట్లో దాతలకు ఇది చేదుగా ఉన్నా, దీనివల్ల ఆ అబ్బాయి ఎవరికీ వ్యక్తిగతంగా రుణపడి ఉండనవసరం లేకుండా పోయింది.

డబ్బు ఇచ్చే తీరు గురించి కూడా కొంత చెప్పాలి. మన పెద్దలు పాత్ర ఎరిగి దానం చేయమన్నారు, అపాత్రదానం కూడదన్నారు. ఆ మాటను పట్టుకుని కొందరు "నగదు చేతికిస్తే ఏం చేస్తారో ఏమో" అని సందేహపడతారు. మేమూ మొదట్లో అలాగే ఆలోచించి, ప్రతి చెల్లింపునూ నేరుగా కాలేజీకో దుకాణానికో ఇంటి యజమానికో పంపేవాళ్లం, ప్రతిదానికీ బిల్లు, ఉత్తరం, కేస్ వర్కర్ (పిల్లల కేసు చూసే ఉద్యోగి) సంతకం అడిగేవాళ్లం. ఒకసారి ఒక అబ్బాయి నలభై డాలర్ల కోసం మూడు కాగితాలు తీసుకురావడానికి పనిలో సగం రోజు సెలవు పెట్టాడని, ఆ సగం రోజు కూలీ మేమిచ్చిన నలభై కంటే ఎక్కువని ఆలస్యంగా తెలిసింది. అందుకు ఇప్పటికీ బాధపడుతున్నాను. ఆ తర్వాత నియమం మార్చాం. వంద డాలర్ల లోపు ఏది అడిగినా కారణం ఒక వాక్యంలో చెబితే చాలు, ఇద్దరు సభ్యులు చూసి ఇరవై నాలుగు గంటల్లో పంపుతారు, బిల్లు అడగరు. అంతకు మించితేనే కాగితాలు కావాలి. ఈ నియమం వచ్చాక అడిగేవాళ్లు పెరిగారు గాని, మమ్మల్ని మోసం చేశారని చెప్పడానికి ఒక్క సంఘటన కూడా నా ఎదుట లేదు.

అసలు అడగడమే వీళ్లకు కష్టమైన పని. అడగందే అమ్మయినా పెట్టదని మనకు సామెత ఉంది. అడిగితే అమ్మ పెడుతుందన్న ధీమా ఉన్న ఇళ్లలో పుట్టిన సామెత అది. ఒక ఇంటి నుంచి మరో ఇంటికి నాలుగైదుసార్లు మారిన పిల్లలు అడగకపోవడాన్నే నేర్చుకుంటారు. ఎక్కువ అడిగే పిల్లను ఇబ్బంది పెట్టే పిల్ల అంటారని, ఇబ్బంది పెడితే సామాను సర్దుకోవలసి వస్తుందని వాళ్ల అనుభవం చెబుతుంది. ఆ సామాను కూడా చాలాకాలం చెత్త సంచుల్లోనే వెళ్లేది. ఇళ్లు మారేటప్పుడు పిల్లల బట్టలూ పుస్తకాలూ నల్లని ప్లాస్టిక్ సంచుల్లో కుక్కి ఇవ్వడం ఎంత మామూలు విషయమైపోయిందంటే, దాన్ని ఆపడానికి కొన్ని రాష్ట్రాలు ప్రత్యేకంగా చట్టాలు చేయవలసి వచ్చింది. మేము సూట్‌కేసులు సేకరించడం ఇప్పటికీ మానలేదు. చక్రాలు సరిగా తిరిగే, జిప్ పాడవని, కొత్తవి మాత్రమే తీసుకుంటాం. వాడి పారేయబోతున్న పెట్టె ఇస్తామన్నవారికి మర్యాదగానే వద్దని చెబుతాం.

ఇక్కడ మేము చేసిన ఒక తప్పును రాయాలి. నెలసరి చందాలు మొదలైనా రెండో ఏడాది విందు కూడా పెట్టాం, అందులో మాట్లాడమని పదిహేడేళ్లు దాటిన ఒక యువతిని అడిగాం. ఆమె ఒప్పుకుంది. తన చిన్ననాటి సంగతులు చెబుతుంటే హాలంతా కన్నీళ్లు పెట్టుకుంది, ఆ రాత్రి వచ్చినంత డబ్బు మాకు అంతకుముందెన్నడూ రాలేదు. నెల తర్వాత ఆమె మా సమావేశాలకు రావడం మానేసింది. ఎందుకని అడిగితే, ఎక్కడ కనిపించినా మీవాళ్లు నన్ను ఆ కథగానే చూస్తున్నారు, నేను ఏం చదువుతున్నానని ఒక్కరూ అడగలేదు అంది. ఈ వాక్యాలను ఆమెకు చూపించి, ఆమె సరేనన్న తర్వాతే ఇక్కడ రాస్తున్నాను. ఆ విందుకు ముందే పిల్లల ఫోటోలతో తయారుచేసిన ఒక స్లైడ్ షోను సమన్వయకర్త చూసి ఆపించారు. ఫాస్టర్ కేర్‌లో ఉన్న మైనర్ల పేర్లనూ ముఖాలనూ అనుమతి లేకుండా బయటపెట్టకూడదు, వాళ్లు ఎక్కడ ఉన్నారో కొందరికి తెలియడం వాళ్ల ప్రాణానికే ముప్పు కావచ్చు. ఫోటోలు ఆపగలిగాం గాని, ఒక అమ్మాయిని వేదిక మీద నిలబెట్టడంలోనూ అదే తప్పు ఉందని మాకు వెంటనే తోచలేదు.

ఈ దేశంలో ఫాస్టర్ కేర్ చరిత్ర చదివినప్పుడు ఆ వేదిక మళ్లీ గుర్తుకువచ్చింది. 1853లో చార్లెస్ లోరింగ్ బ్రేస్ న్యూయార్క్‌లో చిల్డ్రన్స్ ఎయిడ్ సొసైటీని స్థాపించారు. ఆ మరుసటి ఏడాది నుంచి నగర వీధుల్లోని పిల్లలను రైళ్లలో పశ్చిమాన ఉన్న గ్రామాలకు పంపడం మొదలైంది. మొదటి బృందం 1854లో మిషిగన్ రాష్ట్రంలోని డొవాజియాక్ చేరింది. 1929 వరకు సాగిన ఈ కార్యక్రమంలో సుమారు 2,00,000 మంది పిల్లలు వెళ్లారని అంచనా. ఆ రైళ్లకు 'అనాథ రైళ్లు' అన్న పేరు స్థిరపడినా, వాటిలో వెళ్లిన పిల్లల్లోనూ ఎంతోమందికి తల్లిదండ్రులు ఉన్నారు. ఊరు చేరాక పిల్లలను సభామందిరంలోనో చర్చిలోనో వరుసగా నిలబెట్టేవారు, వచ్చినవారు చూసి, కొందరైతే కండలు కూడా తడిమి చూసి, నచ్చినవాళ్లను తీసుకువెళ్లేవారు. ఆ పని చేసినవాళ్లు దుర్మార్గులు కారు, పిల్లలకు మేలు చేస్తున్నామనే నమ్మారు. మంచి ఉద్దేశంతోనే పిల్లలను పదిమంది ముందు నిలబెట్టారన్నది చదివిన రోజే మా బృందంలో ఒక నియమం రాసుకున్నాం: విరాళం అడిగేటప్పుడు ఏ ఒక్కరి గతాన్నీ చెప్పకూడదు. ఇప్పుడు మేము దాతలకు చూపించేది ఖర్చుల జాబితా మాత్రమే. బూట్లు ఇంత, పరీక్ష ఫీజు ఇంత, డిపాజిట్ ఇంత. ఆ ఏడాది వచ్చిన మొత్తం తగ్గింది, మరుసటి ఏడాది కోలుకుంది.

ఆ యువతి తర్వాత తిరిగి వచ్చింది, అయితే కథ చెప్పడానికి కాదు. ఫాస్టర్ కేర్‌లో పెరిగిన ఇద్దరు ఇప్పుడు మా నిర్ణయాల సంఘంలో ఉన్నారు, ప్రతి సమావేశానికీ వాళ్ల సమయానికి వేతనం ఇస్తాం. మిగిలినవాళ్లం ఉచితంగా చేస్తున్నప్పుడు వాళ్లకు ఎందుకు ఇవ్వాలని ఒకరు అడిగారు. మనం సాయంత్రం ఒక గంట వదులుకుంటే మన ఇంటి అద్దె ఆగదు, వాళ్లు ఒక షిఫ్టు వదులుకుని వస్తారు అని చెప్పాను. వంద డాలర్ల నియమం వాళ్ల సూచనే.

ఇక స్వచ్ఛంద సేవ సంగతి. డబ్బు ఇవ్వడానికి ముందుకువచ్చే పదిమందిలో సమయం ఇవ్వడానికి మిగిలేది ఒకరో ఇద్దరో. వచ్చేవారికి వేలిముద్రలు, నేర చరిత్ర తనిఖీ, శిక్షణ అన్నీ ఉంటాయి, ఇవి పూర్తయ్యేసరికి కొన్ని వారాలు పడుతుంది. "మంచి పని చేస్తామంటే ఇన్ని అడ్డంకులా" అని విసుక్కునేవారికి నేను ఒకటే చెబుతాను: అప్పటికే పెద్దవాళ్ల చేతిలో దెబ్బతిన్న పిల్లల దగ్గరికి ఎవరినైనా పంపేముందు ఈ తనిఖీ చేయకపోతేనే తప్పు. ఇంతకంటే లోతైన బాధ్యత కోరుకునేవారికి కోర్టు నియమించే ప్రత్యేక వాలంటీర్ల పథకం ఉంది. 1977లో సియాటిల్‌లో డేవిడ్ సూకప్ అనే జడ్జి, చిన్నపిల్లల జీవితాల గురించి తగినంత సమాచారం లేకుండానే తీర్పులు ఇవ్వవలసి వస్తోందని మథనపడి, ఒక్కొక్క పిల్ల తరఫున విషయాలు తెలుసుకుని కోర్టుకు చెప్పే సామాన్య పౌరులను శిక్షణ ఇచ్చి నియమించారు. అదే ఇప్పుడు దేశమంతటా కాసా (కోర్ట్ అపాయింటెడ్ స్పెషల్ అడ్వొకేట్స్) పేరుతో సాగుతోంది. అందులో చేరేవారు సుమారు 30 గంటల శిక్షణ పొందాలి, ఆ పిల్ల కేసు ముగిసేదాకా ఉండాలని కోరతారు. కేస్ వర్కర్లు మారిపోతుంటారు, బడులు మారతాయి, ఇళ్లు మారతాయి, మారకుండా ఉండే మనిషి ఒక్కోసారి ఆ వాలంటీరే.

అంత చేయలేనివారికి కూడా పని ఉంది. కారు నడపడం నేర్పాలి. చాలా రాష్ట్రాల్లో మైనర్లకు లైసెన్సు ఇవ్వాలంటే పెద్దవాళ్ల పక్కన కూర్చుని ఇన్ని గంటలు నడిపి ఉండాలన్న నియమం ఉంది, దరఖాస్తు మీద పెద్దవాళ్ల సంతకం కూడా కావాలి. ప్రమాదం జరిగితే బాధ్యత తమ మీద పడుతుందని ఆ సంతకానికి ఫాస్టర్ కుటుంబాలు భయపడతాయి. ఫ్లోరిడా 2014లో ఒక చట్టం చేసి ఫాస్టర్ పిల్లల డ్రైవింగ్ శిక్షణ, లైసెన్సు, బీమా ఖర్చులను భరించడం మొదలుపెట్టింది. అలాంటి ఏర్పాటు లేని చోట ఎవరో ఒకరు శనివారం ఉదయం ఖాళీ పార్కింగ్ స్థలంలో రెండు గంటలు ఓపికగా కూర్చోవాలి. మా బృందంలో రిటైరైన ఒక పెద్దాయన ఇప్పటికి ఏడుగురికి నేర్పారు. విందుల్లో ఎన్నడూ మాట్లాడని మనిషి ఆయన.

మరొక పని కాగితాలు. 2014 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం 18 ఏళ్లు దాటి ఫాస్టర్ కేర్ నుంచి వెళ్లేవారికి జనన ధ్రువపత్రం, సోషల్ సెక్యూరిటీ కార్డు, వైద్య రికార్డులు, బీమా వివరాలు, గుర్తింపు కార్డు చేతికి ఇవ్వాలి. ఇచ్చినా, గది మారే ప్రతిసారీ అవి పోతుంటాయి. మేము అగ్నికి తట్టుకునే చిన్న పెట్టె ఒకటి ఇచ్చి, అన్నింటినీ స్కాన్ చేసి వాళ్ల సొంత ఖాతాలో భద్రపరచడం నేర్పుతాం. 14 ఏళ్లు దాటిన ఫాస్టర్ పిల్లలకు ఏటా వాళ్ల క్రెడిట్ రిపోర్టు, అంటే వాళ్ల పేరు మీద ఉన్న అప్పుల వివరాల నివేదిక, తెప్పించి చూపించాలన్న నిబంధన కూడా అదే చట్టంలో ఉంది, ఎందుకంటే వాళ్ల వివరాలు ఎన్నో చేతులు మారి, వాళ్లకు తెలియకుండానే వాళ్ల పేరు మీద అప్పులు పుడుతుంటాయి. అది చదివి అర్థం చెప్పడానికి బ్యాంకులో పనిచేసే సభ్యులు ఇద్దరు ఉన్నారు. కాలేజీ ఆర్థిక సహాయపు ఫారం దగ్గర తల్లిదండ్రుల ఆదాయం అడిగే గడి చూసి చాలామంది అక్కడే ఆపేస్తారు. 13 ఏళ్లు నిండిన తర్వాత ఎప్పుడైనా ఫాస్టర్ కేర్‌లో ఉన్నవారిని ఆ ఫారం స్వతంత్ర విద్యార్థులుగా పరిగణిస్తుందని, తల్లిదండ్రుల వివరాలు అక్కర్లేదని ఒక్కరు పక్కన కూర్చుని చెబితే చాలు. ఆ ఒక్క వాక్యం కోసమే మేము ఏటా రెండు సాయంత్రాలు గ్రంథాలయంలో గది తీసుకుంటాం.

వచ్చి మధ్యలో మానేసేవారి గురించి కఠినంగా అనిపించినా ఒక మాట చెప్పాలి. ఆరునెలలు ఉండగలమో లేదో తెలియనివాళ్లు నేరుగా పిల్లలను కలిసే పనికి రావద్దు. ఫోన్లు చేయండి, లెక్కలు రాయండి, సూట్‌కేసులు మోయండి, అవన్నీ అవసరమే. ప్రతి గురువారం వస్తానని చెప్పి నాలుగు వారాలకు మాయమైన ఒక వాలంటీర్ వల్ల మేము పోగొట్టుకున్న నమ్మకాన్ని తిరిగి తెచ్చుకోవడానికి ఏడాది పట్టింది.

ఈ ఏడాది మా ముందున్న పని మళ్లీ డిసెంబరుదే, అయితే బొమ్మలతో సంబంధం లేనిది. చాలా కాలేజీల వసతి గృహాలు శీతాకాలపు సెలవుల్లో మూడు నాలుగు వారాలు మూసేస్తారు. మిగతా విద్యార్థులు ఇళ్లకు వెళతారు. వెళ్లడానికి ఇల్లు లేనివాళ్లు స్నేహితుల సోఫాల మీద, కొన్నిసార్లు కారులో, ఆ వారాలు గడుపుతారు. మేము సహాయం చేస్తున్నవారిలో ఈసారి నలుగురు అలాంటివారు. ఒకరి కాలేజీ సెలవుల్లో కూడా గది తెరిచి ఉంచడానికి ఒప్పుకుంది, దానికి రోజువారీ రుసుము కట్టాలి. ఇద్దరికి మా సభ్యుల్లో ఒకరి ఇంట్లో పై అంతస్తు సిద్ధమవుతోంది, ఆ ఇంటివాళ్ల నేర చరిత్ర తనిఖీ పోయిన వారం పూర్తయింది. నాలుగో విద్యార్థికి ఇంకా చోటు దొరకలేదు. వసతి గృహం డిసెంబరు 18 మధ్యాహ్నం మూసేస్తారు, ఆ గడువుకు ముందు వచ్చే ఆదివారం ఈ విషయం తేల్చడానికే బృందమంతా కలుస్తున్నాం.